నెత్తిన సుట్టబట్ట పెట్టుకున్న రాణి

నిన్న పొద్దుగాల మా మనుమరాలు ఫోను తెచ్చి నా ముక్కు మీద పెట్టినంత పని చేసింది. సర్కారు నౌకరీ పరీక్షకు చదువుతాంది అది. పొద్దు పొడిచినకాన్నుంచి రాజులు, రాణులు, యుద్ధాలు అని గునుగుతనే ఉంటది.

"అమ్మమ్మా, గీ బంగారు నాణెం చూడు. రోమ్ దేశంది. మన నల్లగొండ దిక్కు గిట్లాంటియి మస్తు దొరికినయంట."

"నాకేం కనవడ్తది బిడ్డా, మొన్ననే గదా కండ్లకు ఆపరేషన్ చేసిండ్రు" అని ఇసుక్కున్న. అది ఊకుంటదా? రెండు వేళ్ళతోని బొమ్మను ఇంత పెద్దగ చేసి మల్ల పెట్టింది. ఒక ఆడమనిషి మొఖం. పక్కకు తిరిగి చూస్తాంది. సూటి ముక్కు, సన్నటి మెడ, నెత్తిమీద గుండ్రంగ ఒక చుట్ట.

"అమ్మ" అన్న.

అనాలని అన్నది కాదు. నోట్లెకెల్లి అదే వచ్చింది. పిల్ల పకపక నవ్వింది. "రోమ్ రాణి నీకు అమ్మెట్లయితది అమ్మమ్మా?" అని ఒకటే అడుగుడు. ఎట్లయితదో చెప్పాలంటే ఒక పూట పడ్తది. దాని పరీక్షల అయితే గిది అడగరు. "పోయి చదువుకో పో" అని తోలేసిన. గని ఆ పొద్దంత నాకు ఏ పనీ సాగలే. పగటీలి అన్నం ముద్ద కలిపి నోటికాడికి తెచ్చుకునేటప్పుడు చెయ్యి దానంతట అదే గాలిల ఆగింది. ఆ ముద్ద ముందుగాల ఎవరికో చూపెట్టాలన్నట్టు. ఎన్నేండ్లాయె ఆ ఇంట్ల అన్నం తిని!

మా ఊరు కృష్ణకు ఇవతల, నందికొండకు పోయే బాటల ఉండె. ఎర్రమన్ను, గుండ్లు, సీతాఫలం పొదలు. వాన పడితే జొన్న, కంది, ఆముదం. పడకుంటే ఉత్త అంబలి. ఊరి పక్కన ఒక పెద్ద దిబ్బ ఉండె. పాటిగడ్డ అనేటోళ్ళు. ఎన్కట అక్కడ ఒక ఊరుండి మట్టిల కలిసిపోయిందంట. ఆ మన్ను బూడిద రంగుల, మెత్తగ, సల్లగ ఉంటది. ఎండకాలం వచ్చిందంటే ఊరు ఊరంత బండ్లు కట్టుకొని పోయి ఆ మన్ను తవ్వి చేన్లకు తోలుకునేది, ఎరువు కింద. సచ్చిపోయిన ఊరిని చేన్ల చల్లుకొని మేం జొన్నలు పండించుకున్నం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తది. అప్పుడైతే మంచిగనే తిన్నం.

తొలకరి వాన పడ్డ తెల్లారి ఆడపిల్లలమంత పాటిగడ్డ మీదికి ఉరికేది. వాన కడిగిపోయినంక పూసలు పైకి తేలుతుండె. ఎర్రయి, ఆకుపచ్చయి, నడుమ నడుమ శంఖు గాజుల ముక్కలు. తడిసిన ఆ మన్ను వాసన ఇంక దేనికీ రాదు. పాత ఇంటి గోడ వానకు కూలితే వస్తది సూడు, దానికి జర దగ్గర. సీసం పైసలు గూడ దొరికేటియి, ఏనుగు బొమ్మ ఉన్నయి. అవి తీస్కపోయి చేపలు పట్టేటోళ్ళకు ఇస్తే కరిగించి వలలకు బరువు కట్టుకునేటోళ్ళు. బదులుకు మాకు ఎండు చేపలు పెట్టేటోళ్ళు. పూసలు మాత్రం ఎవ్వరికీ ఇచ్చేది లేదు. ఒకరియి ఒకరు ఎత్తుకపోవుడు, జుట్లు పట్టుకునుడు, మల్ల పొద్దుగూకేవరకు ఒక్క చెట్టుకాడ కూసొని నేరేడువండ్లు తినుడు.

"ఆ పూసలు ఎవరి మెడలయో ఏమో, తెచ్చి మెడలేసుకుంటె వాళ్ళు ఎనుకనే వస్తరు చూడుండ్రే" అని మా అవ్వ తిట్టేది. అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. ఆమె నోటికి ఊరంత భయపడేది.

మా ఇంటికైతే ఒకామె నిజంగనే వచ్చింది.

నన్ను కన్నతల్లి పాలమూరు మనిషి. కోస్గి దిక్కు నుంచి మట్టి పనికి గుంపులు గుంపులుగ వచ్చేటోళ్ళు. చెరువు కట్టలు, కాలువలు, బాటలు, ఎక్కడ తట్ట మొయ్యాల్నో అక్కడ డేరా. మా ఊరి చెరువుకట్ట తెగినప్పుడు వచ్చిన గుంపుల ఆమె ఉండెనంట. కులం ఒక్కటే, మనసైంది, మా నాయిన చేసుకున్నడు. పని అయిపోంగనే గుంపు డేరాలెత్తి ఏ దిక్కు పోయిందో పోయింది. ఆమె తల్లిగారోళ్ళు మల్ల మా ఊరు తొక్కలే. నేను పాలు మరువక ముందే ఆమెకు జ్వరం తగిలింది. దవాఖాన దాకా గూడ పోలే. పటం లేదు, గుర్తు లేదు. ఆ కాలంల మాసోంటోళ్ళకు పటం ఎవరు దింపిండ్రు?

ఆమె పోయిన ఎండకాలమే, నాయిన చేన్ల పాటిమన్ను చల్లుతుంటే పారకు ఒక బంగారు బిళ్ల తగిలింది. అంచుకు చిన్న బొక్క గూడ ఉండె. ఇంటికి తెచ్చి అవ్వ చేతుల పెట్టిండు. అవ్వ దాన్ని కొంగుతోని తుడిచి, వాకిట్లకు పోయి ఎండకు పట్టుకొని చూసిందంట. చూసి అక్కన్నే కూలబడ్డదంట.

"ఓరి కొడుకా, ఇది నీ పెండ్లామేరా! నెత్తిమీద సుట్టబట్ట సూడు!"

తట్ట మోసే ఆడోళ్ళు గుడ్డను గుండ్రంగ చుట్టి నెత్తిమీద పెట్టుకుంటరు గద, తట్ట ఒత్తుకోకుంట. అది సుట్టబట్ట. బిళ్ల మీది ఆడమనిషి నెత్తిన అచ్చం గట్లాంటి చుట్టనే ఉండె. ఇగ ఎవరికి అనుమానమొస్తది? బతికినన్ని దినాలు మట్టి మోసిన మనిషి మట్టిలకెల్లే మల్ల లేచొచ్చిందని ఊరంత వచ్చి చూసిపోయిండ్రు. ముసలోళ్ళు దండం గూడ పెట్టిండ్రంట.

ఏడాది తిరిగినంక నాయిన మారుపెండ్లి చేసుకున్నడు. మా దిక్కు ఒక పద్ధతుండె. మొదటి పెండ్లాం పోయినోనికి పిల్లనిస్తే, ఆ పిల్ల పుస్తెలతోని పాటు సచ్చిపోయినామె బొమ్మ ఉన్న బిళ్లను గూడ మెడల వేసుకోవాలె. సవతి బిళ్ల అంటరు దాన్ని. వేసుకోకుంటే పోయినామె ఊకోదని, కాపురం నిలువనియ్యదని భయం. ఏ ముద్ద తిన్నా ముందుగాల బిళ్లకు చూపెట్టాలె. కొత్త చీర తెస్తే ముందుగాల ఆమెకు తాకిచ్చి కట్టుకోవాలె. మామూలుగ అయితే బంగారం పనిచేసే అవుసులాయన రెండు కండ్లు, ఒక ముక్కు దించి రేకు బిళ్ల కొట్టిస్తడు. మాకు ఆ పని పడలే. "నా కోడలు తన బొమ్మ తానే తెచ్చుకున్నది" అని అవ్వ ఆ బొక్కలకెల్లి తాడు గుచ్చి కొత్త కోడలి మెడల వేసింది.

ఆ కొత్త కోడలే మా చిన్నమ్మ. ఏటి ఒడ్డున ఉన్న ఊరు ఆమెది. నందికొండ కాడ డ్యాము కడితే మునుగుతదని అందరికీ ఎరుకైన ఊరు. "మునిగేటి ఊరి పిల్ల, సచ్చినామె బిళ్ల, మంచిగ కలిసింది" అని అవ్వ ఎకసక్కాలాడేది. చిన్నమ్మ నవ్వి ఊకునేది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, అవ్వతోని గాని నాయినతోని గాని.

నేను ఆమెను అమ్మ అనలే. చిన్నమ్మ అన్న. అమ్మ అని పిలిచేది ఆమె మెడల ఉన్నామెను. తీరిక దొరికితే పోయి చిన్నమ్మ ఒళ్ళె కూసునేది. ఆమె మీది పావురంతోని, ప్రేమతోని కాదు, బిళ్ల కోసం. రెండు వేళ్ళతోని పట్టుకొని "అమ్మా, అమ్మా" అనేది. పొద్దుగాల బిళ్ల సల్లగ ఉండేది. పగటీలికి చిన్నమ్మ ఒంటి వేడికి ఎచ్చగయ్యేది. అది మా అమ్మ ఒంటి వేడే అనుకునేది. నాకు ఉన్నది ఒక్కటే దుఃఖం. బొమ్మ పక్కకు చూస్తుండె. నేను ఎటు జరిగినా, కిందికెల్లి చూసినా, తలకాయ తిప్పి చూసినా, నా దిక్కు చూడకపోయేది. కంట్ల పాప గూడ లేదు, ఉత్త తెల్లగుడ్డు లెక్క. "ఒక్కపారి నన్ను చూడరాదే" అని బతిలాడేది. మా అమ్మకు నా మీద కోపమేమో అని ఏడ్చేది.

చిన్నమ్మ జొన్నరొట్టె చేతుల చరుస్తుంటే ఇల్లంత కమ్మటి కమురు వాసన. రొట్టె మీద ఉల్లిగడ్డ కారం, జర నూనె. మొదటి తునక తెంపి బిళ్లకు తాకినట్టు చూపెట్టి, పెదవులు కదిలించి ఏదో అని, అప్పుడు నా నోట్లె పెట్టేది. నాకేమో ఉత్తగ చూపెడితే అమ్మ కడుపు నిండుతదా అని ఫికర్. ఒకనాడు చిన్నమ్మ పగటీలి ఒరిగి నిద్రపోతే, బెల్లం నమిలి మెత్తగ చేసి బిళ్ల మీది నోటికి పూసిన. ఇంకేముంది! ఎర్రచీమలు బారు కట్టినయి. చిన్నమ్మ మెడంత దద్దుర్లు. అవ్వ చీపురు తీసి నా ఎనుక పడ్డది. చిన్నమ్మ మాత్రం మెడ గోక్కుంటనే అడ్డమొచ్చి, "తల్లికి పెట్టుకున్నది అత్తా, దొంగతనం చేసిందా?" అన్నది.

నవ్వుకునే ముచ్చట్లే కాదు. ఎండకాలం పగటీలి ఊరంత తలుపులేసుకునేది. కుక్క గూడ అరిచేది కాదు. ఆ వేళకు వంటింట్లకెల్లి మాటలు వినవడేటియి. ఒకనాడు తలుపు సందుల నుంచి చూసిన. చిన్నమ్మ ఒక్కతే కూసున్నది, బిళ్లను అరచేతుల పెట్టుకొని.

"అక్కా, పొద్దటి సంది బిడ్డ సరిగ తింటలేదు. నీ గుణమా, దాని గుణమా?" అని నవ్వింది. జరసేపు ఊకున్నది, అవతలి మాట వింటున్నట్టు. మల్ల గొంతు మారింది. "గీ ఒక్కపారి నా కడుపుల ఉన్నదాన్ని ఇడిసిపెట్టు అక్కా. నీ బిడ్డను నేనేమన్న తక్కువ చూస్తున్ననా?"

అప్పటికి చిన్నమ్మకు వచ్చిన కడుపులు నిలువలే. నెలలు నిండకముందే పోతుండె. "పెద్దామె ఒప్పుకుంటలేదు" అని అవ్వ అందరి ముంగట్నే అనేది. చిన్నమ్మకు మల్ల నెల తప్పింది అప్పుడు. మా అమ్మకు అంత బలమున్నదా అని నాకు లోపట్లోపట సంబరం. ఎంటనే భయం. పక్కకు చూసే ఆ కన్ను నా తమ్మున్నో చెల్లెనో మింగుతదేమోనని ఆ రోజు నేను గూడ నా ముద్దను ముందుగాల బిళ్లకు చూపెట్టి దండం పెట్టిన.

ఆ ఏడు తొలకరికి పాటిగడ్డల ఒకాయన పారకు కుండ తగిలింది. నిండ వెండి పైసలు. పంచుకునేకాడ తలకాయలు పగిలినయి. ముచ్చట పటేలు చెవిన పడ్డది, ఆడికెల్లి తాసీలాఫీసుకు పోయింది. నందికొండ కాడ అప్పుడు, డ్యాము నీళ్ళు రాకముందే పాత కాలం జాగలు తవ్వి చూసే సార్లు ఉండిరి. వాళ్ళల్ల ఒక సారు జీపుల దిగిండు. కోస్తా దిక్కు మనిషి, సన్నగ, ఎండకు కమిలిపోయిన మొఖం. "రండి, కూర్చోండి" అంటుంటే మేం పిల్లలం ఎనుక నిలవడి "అండి, అండి" అని ఎక్కిరించినం.

చావడిల తెల్లబట్ట పరిచి, కంటికి భూతద్దం పెట్టుకొని ఒక్కొక్క పైసను తిప్పి తిప్పి చూసిండు. అచ్చం వైద్యుడు నాడి పట్టినట్టు. "ఇవి రోమ్ అనే దేశానివి. సముద్రం అవతల. ఈ ముఖం వాళ్ళ రాజుది. వెనకవైపు కూర్చున్న ఆవిడ దేవత" అని చెప్తుంటే ఊరంత నోరు తెరుచుకొని విన్నది. ఒక రాజు దవుడ మీద గాటు ఉంటే, "ఇది మీ పెద్దలే పెట్టి ఉంటారు, లోపల కూడా వెండేనా కాదా అని" అన్నడు. అందరు నవ్విండ్రు.

"గంత దూరం నుంచి మా ఊరికి ఏం పనికి వచ్చినయి సారూ?" అని ఒక ముసలాయన అడిగిండు.

"పూసలకి, సన్నబట్టలకి, మిరియాలకి. ఆ దిబ్బ కింద ఉన్న ఊరు ఇప్పటి మీ ఊరికంటే గొప్పది తాతా."

ముసలాయన పాటిగడ్డ దిక్కు చూసి "మరి గంత గొప్ప ఊరు ఏమైంది సారూ?" అన్నడు. సారు ఇంకో పైసను అద్దం కిందికి తీసుకున్నడు.

అప్పుడు పటేలు గొంతు సవరించుకొని, "ఒక బంగారుది గూడ ఉన్నది. గాయన పెండ్లాం మెడల" అని మా నాయినను చూపెట్టిండు.

సారు మా ఇంటికే వచ్చిండు. వాకిట్ల మంచం వేసినం. చిన్నమ్మ కడప దాటలే, బిళ్ల మెడల నుంచి తియ్యలే. తాడు ఎంతవరకు వస్తే అంతవరకు ముందుకు పట్టి, మొఖం పక్కకు తిప్పుకొని నిలవడ్డది. అవ్వ పక్కన కావలి. సారు వంగి అద్దం పెట్టి చూసిండు. చాలాసేపు చూసిండు.

"ఈమె రోమ్ రాజు భార్య అమ్మా. ఆయన బతికుండగానే ఈమె చనిపోయింది. ఆమె పోయాక, ఆమె ముఖంతో ఈ నాణేలు వేయించాడు. చుట్టూ ఉన్నవి ఆమె పేరు అక్షరాలు. పేరుకు ముందు దేవత అని రాయించాడు."

"మరి సుట్టబట్ట?" అని అడిగిన నేను.

"అది గుడ్డ కాదు పాపా, జడలు. ఆమె జుట్టును అలా పైకి చుట్టుకునేది."

"మా కోడలు సారూ ఇది, మట్టి పని చేసిన మనిషి" అని అవ్వ లొల్లి మొదలుపెట్టింది. సారు నవ్వలే, కోపం చెయ్యలే. బిళ్ల అంచు చూపెట్టి, "ఈ కన్నం కూడా పాతదేనమ్మా. మీకంటే ముందు, ఆ కాలంలోనే, ఎవరో దీన్ని మెడలో వేసుకున్నారు" అన్నడు. చిన్నమ్మ ఉలిక్కిపడి బిళ్లను చటుక్కున లోపటికి తీసుకున్నది. ఎవరో ఎనుక నిలవడ్డట్టు తిరిగి చూసింది.

భూమిల దొరికింది సర్కారుదని, చుట్టుపక్క ఊర్లు తిరిగి మల్ల వస్తనని, అప్పుడు ఇయ్యాలని చెప్పి సారు పోయిండు. ఇయ్యకుంటే జైలే అని పటేలు నాయినను పక్కకు పిలిచి చెప్పిండు.

ఆ సాయంత్రం నేను నాయిన కాడికి పోయిన. ఎడ్లకు కుడితి పెడుతున్నడు.

"నాయినా, మరి మా అమ్మ ఎట్లుండేది?"

"ఎట్లుండేది... ముక్కు సూటిగ. మెడ సన్నగ. నెత్తి మీద..." అని ఆగిండు. కుడితి బానల చెయ్యి అట్లనే ఉన్నది. ఆయన చెప్పేది బిళ్లను. ఆ సంగతి ఆయనకు, నాకు ఒక్కసారే ఎరుకైంది. అవ్వను అడిగిన. అవ్వ గూడ గదే ముక్కు, గదే మెడ. పక్కింటోళ్ళను అడిగిన. ఒకామె తెల్లగుండె అన్నది, ఒకామె సామనసాయ అన్నది, ముక్కు కాడికొచ్చేవరకు అందరిదీ గదే సూటి ముక్కు. ఇన్నేండ్లు బిళ్లను చూసి చూసి, మా అమ్మ అసలు మొఖం ఊరంత మరిచిపోయింది. రాణి మొఖం వచ్చి ఆమె జాగల కూసున్నది. అమ్మ ఒకపారి జ్వరంతోని పోయిందా, మల్ల గిట్ల పోయింది. ఆ రెండోసారి పోవుడు నేను కండ్లార చూసిన. ఇప్పటికీ నాకు దానికే ఏడుపొస్తది.

ఇగ ఇంట్ల ఎవరికీ ముద్ద దిగలే. బిళ్ల తీసిందంటే కడుపు దక్కదని అవ్వ. తియ్యకుంటే నేను జైలుకు పోతనని నాయిన. చిన్నమ్మకైతే ఎప్పుడు చూసినా ఒక చెయ్యి బిళ్ల మీద, ఒక చెయ్యి కడుపు మీద. నేను పోయి ఆమె ఒళ్ళె కూసున్న.

"ఆమె మా అమ్మ కాకున్నా మంచిదే చిన్నమ్మా. ఇయ్యకు. నాకు ఇంకో మొఖం లేదు."

"ఇయ్యను బిడ్డా" అన్నది.

సారు మల్ల వచ్చిండు. పటేలు గూడ ఎంబడి వచ్చిండు. నాయిన చేతులు కట్టుకొని నిలవడ్డడు. చిన్నమ్మ కడప కాన్నుంచి ఆనాడు సూటిగ సారు మొఖం చూసే మాట్లాడింది.

"సారూ, ఒక్క మాట అడుగుత. గా రాజు మల్ల పెండ్లి చేసుకున్నడా?"

సారు జర సోచాయించిండు. "లేదమ్మా. నాకు తెలిసినంతలో మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు."

నాయిన నేల చూసిండు. చిన్నమ్మ బిళ్లను చేతులకు తీసుకొని చూసింది. ఆనంక అవ్వ దిక్కు తిరిగి, "అత్తా, ఎంత పాపం చేసినమో సూసినవా? ఈమెకు సవతే లేదు. సవతి లేనామెను తెచ్చి నా మెడల సవతిని చేసినం. నేను ఒక్కొక్క ముద్ద చూపెట్టినప్పుడల్ల ఆమెకు ఎంత మండిందో! అందుకే పక్కకు చూస్తాంది అత్తా. ఇంటి తొవ్వ చూస్తాంది" అన్నది.

అవ్వ ఏదో అనబోయి నోరు మూసుకున్నది. ఆమె నోరు మూసుకునుడు నేను చూసుడు అదే మొదలు. సవతి లెక్క తెలిసిన మనిషి గద, ఆ మాటకు ఎదురు దొరకలే.

"సారూ, జరసేపు కూసోండ్రి. ఉత్తగ తోలరాదు" అన్నది చిన్నమ్మ.

బియ్యంల పసుపు, నెయ్యి కలిపింది. రవికబట్ట పరిచింది. ఎండు కొబ్బరి కుడుక, పసుపు కొమ్ములు, ఖర్జూరాలు పెట్టింది. ఆడబిడ్డను తల్లిగారింటి నుంచి అత్తగారింటికి తోలేటప్పుడు పోస్తరు గద, ఒడిబియ్యం. గవే. తాడు తెంపి బిళ్లను తీసి పసుపునీళ్ళతోని కడిగి, కుంకుమ పెట్టి, బియ్యం నడుమ కూసోబెట్టింది. "ఇన్నొద్దులు తెలువక తప్పు చేసినం బిడ్డా. మా ఇంటి ఆడబిడ్డ అనుకొని పంపుతున్నం. నీ మొగని కాడికి నువ్వు పో. మమ్ముల ఏమనకు" అన్నది. మూట కట్టి సారు చేతుల పెట్టింది. ఆయన ఆ మూటను రెండు చేతులతోని పట్టుకున్నడు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు.

నేను ఊకున్ననా? జీపు ఎనుక ఉరికిన. "మా అమ్మను తీసుకపోతున్నరు" అని మొత్తుకున్న. దుమ్ముల కూలబడి పొర్లిన. చిన్నమ్మ ఆ కడుపుతోనే వచ్చి నన్ను గుంజుకొచ్చింది. నేను ఆమెను కొరికిన, రక్కిన. "ఇయ్యనంటివి గద! దొంగమొఖందానా!" అన్న. ఆమె కొట్టలే. వాకిట్ల కూసోబెట్టి మొఖం కడిగింది.

"ఆమె మీ అమ్మ కాదు బిడ్డా. మీ అమ్మను నేను సూసిన."

అవ్వ గిర్రున తిరిగింది. "నువ్వెక్కడ సూసినవే?"

"మా ఏటి ఊర్ల బాట పనికి పాలమూరోళ్ళు డేరాలేసిండ్రు అత్తా, నేను చిన్నపిల్లనున్నప్పుడు. ఏటికి నీళ్ళకు పోతే కుండ లేపరాలే నాకు. ఒకామె వచ్చి కుండ ఎత్తి నెత్తిమీద పెట్టింది." నా దిక్కు తిరిగింది. "ముక్కు సూటిగేం లేదు, జర చప్పిడిదే. గదుమ కింద పుట్టుమచ్చ. ముందుపండ్ల నడుమ సందు. నవ్వితే కండ్లు మూసుకపోతయి. అంత నవ్వుముఖం మనిషిని నేను మల్ల సూడలే."

నేను ఏడుపు ఆపిన. మల్ల చెప్పమన్న. మల్ల చెప్పింది. నాయిన ఎడ్లకాడ నిలవడి వింటున్నడు. "ఔ" అన్నడు మెల్లగ. "పుట్టుమచ్చ ఉండె." అని కండువతోని కండ్లు తుడుచుకున్నడు.

ఆ వారంలనే అవుసులాయన కాడికి పోయినం. కొత్త సవతి బిళ్ల కొట్టాలె గద. ఆయన అలవాటు చొప్పున రెండు కండ్లు, ముక్కు, నోరు దించిండు. "గదుమ కింద పుట్టుమచ్చ పెట్టు మామా" అన్నది చిన్నమ్మ. "గోరంత బిళ్ల మీద పుట్టుమచ్చేందమ్మా, పరేషాన్ చేస్తున్నవు" అని గొణుగుకుంటనే మొలతోని ఒక చుక్క కొట్టిండు. ఆ బొమ్మ చూసి ఎవరైనా నవ్వాల్సిందే, పిల్లలు బొగ్గుతోని గోడ మీద గీసినట్టుండె. గని రెండు కండ్లూ సూటిగ నా దిక్కే చూస్తుండె. ఎటు తిప్పినా నా దిక్కే.

"అమ్మా" అన్న. ఎవరిని అన్ననో నాకే ఎరుక లేదు. "ఓ" అన్నది చిన్నమ్మ.

కడుపు నిలిచింది. తమ్ముడు పుట్టిండు. రాణి దీవించిందని కొందరు, పాలమూరామె ఒప్పుకున్నదని కొందరు. ఇంకొన్నేండ్లకు డ్యాము నీళ్ళు నిండి చిన్నమ్మ తల్లిగారి ఊరు మునిగింది. ఆమె ఒక్కపారి గట్టు మీదికెల్లి నీళ్ళు చూసొచ్చి, మల్ల ఆ దిక్కు పోలే. మా పాటిగడ్డ గూడ బండ్లకెక్కి ఎక్కి నేల మట్టమైంది. ఇప్పుడు అక్కడ పత్తి వేస్తున్నరు. పూసలు ఏరే పిల్లలు లేరు.

నాయిన పోయినప్పుడు చిన్నమ్మ పుస్తెలు తీసేసిండ్రు. సవతి బిళ్లను మాత్రం ముట్టనియ్యలే. "మొగుడు పోతే మొగని గుర్తు పోతది. ఈమె నాకు అక్క" అని నల్లదారానికి గుచ్చి మెడలనే ఉంచుకున్నది. ముసలితనంల గూడ మొదటి ముద్ద ఆమెకే.

ఆఖరుకు నల్లగొండ దవాఖానల ఉన్నది. నేను పక్కన కూసున్న. కిటికీల నుంచి సాయంత్రం ఎండ మంచం మీద పడుతాంది. చిన్నమ్మ బిళ్లను వేళ్ళతోని తడుముతాంది. అరిగి అరిగి కండ్లు, ముక్కు అన్నీ పోయినయి, ఆ ఒక్క చుక్క మిగిలింది. మాట సన్నగయింది, నేను చెవి దగ్గరికి పెట్టిన.

"ఒక్కటే ఫికరుగ ఉన్నది బిడ్డా. ఆడికి పోతే అక్క ఎదురొస్తది గద. నేను గుర్తుపట్టుడు ఎట్ల? ఆమెను నేను ఎన్నడన్న సూసిన్నా పాడా."

కుండ ఎత్తిన ఏరు, ఆ డేరాలు, ఆ నవ్వుముఖం, అన్నీ నా కండ్ల ముంగట తిరిగినయి. నాయిన "ఔ" అన్న మాట గూడ తిరిగింది. ఆమె అబద్ధం చెప్పిందని నాకు కోపం రాలే. ఎంత ఏడుపొచ్చిందో నాకే ఎరుక. ఆమె చెయ్యి నా చేతులకు తీసుకున్న.

"ముక్కు జర చప్పిడిది. గదుమ కింద పుట్టుమచ్చ. ముందుపండ్ల నడుమ సందు. నవ్వితే కండ్లు మూసుకపోతయి" అన్న, ఆనాడు వాకిట్ల ఆమె నాకు చెప్పిన తీరుగనే.

ఆమె కండ్లు మూసుకొని విన్నది.

"ఇంకోపారి చెప్పు బిడ్డా" అన్నది.

చెప్పిన.